మోటారు బండి రాని దారి

మా అత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లోని మా సైకిల్ షాపులో ఒక చక్రం వంకర తీస్తున్నాను. అత్త అంటే మా నాన్న చెల్లెలు. ఫోన్ చేసింది ఆమె కూతురు.

"బావా, అమ్మ లెగట్లేదు. ఒళ్ళు సల్లగా అయిపోనాది. నువ్వు రా."

"వస్తన్నాను," అన్నాను.

ఫోన్ పక్కన పెట్టి ఆ చక్రాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. స్పోకులన్నీ బిగించి, గిర్రున తిప్పి చూసి, వంకర పూర్తిగా పోయాకే లేచాను. ఎందుకలా చేశానో తెలియదు. ఇక తొందరపడి చేసేదేమీ లేదని నాకంటే ముందు నా చేతులకు తెలిసినట్టుంది.

తాల్‌బగీచాలో ఆమె ఇంటికి వెళ్ళేసరికి ఇరుగుపొరుగు చేరి ఉన్నారు. పక్కింటి బెంగాలీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని, నిద్రలోనే వెళ్ళిపోయారు, కష్టం తెలియలేదు అంది. తలూపాను. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. ఎవరో వెదురు తెచ్చారు. ఎవరో నాకు టీ ఇచ్చారు, తాగాను. అందులో పంచదార ఉందో లేదో ఇప్పుడు చెప్పలేను. శ్మశానంలో మా వాళ్ళంతా ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇప్పటికీ రాలేదు.

మీలో చాలామంది ఆమెను చూసే ఉంటారు. తెల్లవారకముందే ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫామ్ మీద, పంజాబీ డ్రెస్సు, తలకు హెల్మెట్, చేతిలో వెడల్పు టైర్ల సైకిల్‌తో ఒక పెద్దావిడ టాటానగర్ వైపు వెళ్ళే లోకల్ కోసం నిలబడి ఉండేది. చూసి నవ్వుకున్నవాళ్ళూ ఉంటారు. ఆవిడే మా అత్త.

మా మావయ్య, అంటే అత్త భర్త, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను బడికి వెళ్ళే రోజుల్లో ఒక సాయంత్రం ఆయన హైవే మీద సైకిల్ తొక్కుకుంటూ వస్తుంటే వెనకనుంచి లారీ గుద్ది చనిపోయాడు. ఆయన ఉద్యోగం బదులు అత్తకు వర్క్‌షాపులోనే పని ఇచ్చారు. రైలు పెట్టెల సీట్లకు రెగ్జిన్ కుట్టే విభాగంలో మిషను ముందు కూర్చుంది. అరవై ఏళ్ళు నిండి రిటైరయ్యేదాకా అక్కడే కుట్టింది. రైలెక్కితే సీటు అంచు వేలితో తడిమి, "ఇది మా సెక్షన్ది కాదు," అనో, "ఈ కుట్టు నాదే అయ్యుండాల," అనో చెప్పేది.

ఆ సాయంత్రం తర్వాత ఆమె స్కూటర్ ఎక్కలేదు, ఆటో ఎక్కలేదు. క్వార్టర్స్ సందుల్లోంచి నడుచుకుంటూ పనికి వెళ్ళేది. పూరీ గేట్ దగ్గర రోడ్డు దాటాల్సి వస్తే, ఎండలో ఎంతసేపైనా నిలబడి, కనుచూపు మేరలో బండి లేనప్పుడే దాటేది. రైలంటే మాత్రం భయం లేదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"రైలు దాని పట్టాల మీద అది పోతాది. మన మీదికి రాదు," అంది.

రిటైరైన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం మా షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుంది. గోడకు ఆనించి ఉన్న నా సైకిల్‌ను చాలాసేపు చూసింది.

"ఇదేట్రా అల్లుడా, దున్నపోతులాగున్నాది? టైర్లు ఇంత లావేటి?"

"గ్రావెల్ సైకిలత్తా. రాళ్ళ దారుల్లో తొక్కడానికి. ఆదివారం ఆదివారం ఘాట్‌శిలా కొండలకి ఎల్తాను గదా, దీని మీదే."

"అక్కడ రోడ్డుండదా?"

"తారు రోడ్డు కొండల కింద చెరువు వరకే. ఆ పైన ఎర్రమట్టి, గులకరాళ్ళు. కొండల్లోంచి బెల్పహాడీ పక్కకి దిగుతాది."

"మరి లారీలూ?"

"లారీలా? లోపలికి పోతే మోటార్ సైకిల్ కూడా రాదు. పొద్దస్తమానం తొక్కినా హారన్ ఇనపడదు."

 కొంగుతో మొహం తుడుచుకుంది. వెళ్ళడానికి లేచి, గడప దగ్గర ఆగి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"నన్ను తీసుకెల్తావా?"

"నీకు సైకిల్ తొక్కడం వచ్చా అత్తా?"

"ఏటనుకున్నావు నన్ను? మీ నాన్న కంటే ముందు నేర్సుకున్నాను. అన్న పడిపోతే ఎనకాల పట్టుకున్నది నేనే."

రైల్వే గ్రౌండులో తెల్లవారుజామున మళ్ళీ మొదలుపెట్టింది. పడింది కూడా. మోకాలు చెక్కుకుపోతే లేచి దులుపుకుని, "నేల నేననుకున్నంత గట్టిగా నేదు," అంది. ఆమె ఎత్తుకు సరిపోయే సైకిల్ ఒకటి నేనే కూర్చి బిగించాను. దానికి మెత్తటి సీటు తొడుగు తనే కుట్టుకుంది. గాలి ఎంత పెట్టాలో నేను చెప్తుంటే టైరు నొక్కి చూసి కొంచెం వదిలేసేది. "గాలెక్కువైతే రాయి మనల్ని కొడతాది. కాస్త తగ్గిస్తే సర్దుకు పోతాది," అనేది.

మొదటిసారి వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తుంది. కూరగాయల బుట్టలు ఎక్కించే వెండర్ డబ్బాలో సైకిళ్ళు పెట్టుకుని ఘాట్‌శిలాలో దిగాం. ఒక సంగతి నేను ఆలోచించలేదు. స్టేషన్ నుంచి కొండల వైపు వెళ్ళాలంటే మధ్యలో హైవే దాటాలి. నాకు అలవాటైన దారి కాబట్టి అదొక అడ్డంకని తట్టనే లేదు. రోడ్డు కనబడగానే అత్త సైకిల్ దిగిపోయింది. ఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. రెండు చేతులతో బ్రేకులు గట్టిగా పట్టుకుని నిలబడింది.

"రా అత్తా, ఇప్పుడు ఖాళీగా ఉంది."

"ఆఁ," అంది. కదల్లేదు.

మళ్ళీ ఖాళీ వచ్చింది. మళ్ళీ "ఆఁ," అంది. రోడ్డు పక్కన టీ అమ్మే ఆవిడ చూసి, లోపలికి పిలిచి బల్ల మీద కూర్చోబెట్టి, "భయమేస్తోందా మాసీ?" అని బెంగాలీలో అడిగింది. అత్త బెంగాలీలోనే చెప్పింది. "నాకు కాదు, నా కాళ్ళకి." ఇద్దరం టీ తాగి వెనక్కి తిరిగాం. ఇంక రాదనుకున్నాను.

తర్వాతి ఆదివారం నేను ప్లాట్‌ఫామ్ మీదికి వెళ్ళేసరికి నాకంటే ముందే సైకిల్ పట్టుకుని నిలబడి ఉంది.

ఆ రోజూ అంతే. అదే హైవే, అదే టీ బల్ల. వెనక్కి వెళ్దామా అని నేను అనబోతుంటే రోడ్డు గట్టు కిందనుంచి మేకలు ఒక్కొక్కటిగా పైకొచ్చాయి. వాటి వెనక చేతిలో కర్రతో ముసలతను.

అత్త టీ గ్లాసు కింద పెట్టింది. "ఒరే, ఈ మేకలు ఎక్కణ్ణించి వొచ్చినాయి?"

"ఏమోనత్తా."

"ఇంతకుముందు అవతల పక్క మేస్తన్నాయి. నేను సూసినాను. రోడ్డు దాటనేదు మరి."

గట్టు దిగి వెళ్ళి చూసింది. రోడ్డు కింద వాన నీళ్ళు పోవడానికి కట్టిన తూము ఉంది. మనిషి వంగితే పడుతుంది. అప్పుడు అందులో నీళ్ళు లేవు, మేకల పెంటికలు తప్ప. అత్త ముందు, నేను వెనక, సైకిళ్ళు ఈడ్చుకుంటూ వంగి నడిచాం. సగం దారిలో ఉండగా పైనుంచి లారీ వెళ్ళింది. తూమంతా దడదడలాడింది. అత్త ఆగింది. నేనూ వెనకాలే ఆగాను. కొంచెంసేపు తర్వాత మళ్ళీ నడిచింది. అవతలికి వెళ్ళి నడుం నిటారు చేసుకుని వెనక్కి తిరిగి రోడ్డును చూసింది.

"లారీ నా నెత్తి మీంచి ఎల్లిపోనాది. నాకేటీ అవలేదు," అంది. నాతో అన్నట్టు లేదు.

ఆ రోజు మొదటిసారి ఆమె ఆ దారి చూసింది. చెరువు దాటాక తారు అయిపోతుంది. రెండు పక్కలా సాల వృక్షాలు, మధ్యలో ఎద్దుల బండి పట్టేంత వెడల్పున ఎర్రటి మొరం. టైర్ల కింద గులకరాళ్ళు పేలాలు వేగినట్టు చిటపటలాడతాయి. అది ఆగితే ఇంకేమీ ఉండదు. అత్త కొంత దూరం తొక్కి, ఆగి, ఒక కాలు నేల మీద ఆనించి చెవులు రిక్కించింది. ఏమైందత్తా అన్నాను.

"ఏటీ ఇనపడట్నేదు," అంది. ఆ తర్వాత నవ్వింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నవ్వే నవ్వు కాదది. అప్పటిదాకా నేను వినలేదు.

తర్వాత దాదాపు పదేళ్ళు, వానాకాలం మినహా, మేం ఆ కొండల్లో తిరిగాం. ఒకే దారిలో పదేపదే వెళ్ళడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. చెరువు పక్కనుంచి జలపాతం వైపు ఎక్కేది ఒకటి, వాగు దాటి గుట్ట చుట్టూ తిరిగి కాంక్రాఝోర్ అడవిలోంచి బెల్పహాడీకి దిగేది ఒకటి, పాత కట్టెల బళ్ళు తిరిగిన దారి ఇంకొకటి. ఝార్‌గ్రామ్‌లో రైలెక్కి తిరిగొచ్చేవాళ్ళం. కొత్త దారి దొరికితే ముందు ఊరి మొదట్లో ఆగి చూసేది. రోడ్డు మధ్యలో కుక్క పడుకుని ఉంటే, "ఇది మన రోడ్డేరా," అనేది. మనం వచ్చినా కుక్క లేవకపోతే ఇంకా మంచిదట. కుక్క ఉలిక్కిపడి పక్కకు పరిగెత్తిందంటే, ఆ రోడ్డు మీద బండ్లు తిరుగుతున్నాయని లెక్క. వెనక్కి తిరిగేది.

ఎత్తు వస్తే దిగి నడిచేది. సిగ్గుపడేది కాదు. నేను పంతానికి తొక్కుకుంటూ పైకి వెళ్ళి ఆయాసపడుతుంటే తాపీగా నడిచి వచ్చి, "కొండెక్కడికీ పోదురా, నువ్వెందుకలా ఎంటబడతావు?" అనేది. పైన కూర్చుని మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఆవనూనె చుక్క కలిపి సాలాకుల్లో పెట్టేది. తిన్నాక ఆ ఆకు మడిచి చెట్టు మొదట్లో పెట్టి దాని మీద రాయి ఉంచేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగాలనిపిస్తోంది.

ఆమెతో పాటు సీట్లు కుట్టిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా కొన్నాళ్ళు వచ్చారు. ఒకావిడ మొదటి రోజే దిగుడులో భయపడి ఏడ్చేసింది. అత్త ఆమె పక్కన నడుస్తూ మొత్తం దిగుడంతా సైకిల్ తోసుకునే వచ్చింది. "తోసుకొచ్చినా దారి దారే," అంది. ఆవిడే ఇప్పుడు మనవరాలిని సైకిల్ మీద బడికి దింపుతోంది.

రెండేళ్ళ కిందట హైవే వెడల్పు చేశారు. ఒక ఆదివారం వెళ్ళేసరికి తూము లేదు. మట్టి పోసి పూడ్చేశారు. పక్కనెక్కడో కొత్తది కడుతున్నారు కానీ అందులోకి మనిషి వెళ్ళే వీలు లేదు. మధ్యలో గట్టు, అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు. టీ బల్ల కూడా తీసేశారు. నేను సైకిల్ వెనక్కి తిప్పాను.

"ఎక్కడికి?" అంది అత్త.

"ఎల్దాం పదత్తా. బెల్పహాడీ పక్కనుంచి ఎక్కొచ్చు, వచ్చే వారం."

"వచ్చే వారం నేదు. ఎంతసేపు కావాలన్నా నిలబడదాం. ఎనక్కి మాత్రం ఎల్లొద్దు."

నిలబడ్డాం. ఎండ ఎక్కింది. లారీలు పోతూనే ఉన్నాయి. ఆమె పెదాలు ఎండిపోయాయి. చివరికి అంది. "నువ్వు ముందుకెల్లకు. నన్ను పట్టుకోకు కూడా. పక్కన ఉండు సాలు. ఎప్పుడో సెప్పు."

ఖాళీ వచ్చినప్పుడు "ఇప్పుడత్తా," అన్నాను. నడిచింది. పరిగెత్తలేదు. కళ్ళు మూసుకోలేదు. మధ్య గట్టు దగ్గర ఆగాం. ముందూ వెనకా లారీలు. గాలికి ఆమె చున్నీ ఎగిరి నా మొహాన పడింది. నేను రెండో పక్క చూస్తూ నోరు తెరవబోయేలోపే, "ఇప్పుడు," అంది. తనే ముందు అడుగు వేసింది. నేను వెనక వెళ్ళాను.

చెరువు దాకా ఆగకుండా తొక్కింది. అక్కడ దిగి, సైకిల్ గడ్డిలో పడేసి, పక్కకు వెళ్ళి వాంతి చేసుకుంది. నీళ్ళిచ్చాను. మొహం కడుక్కుని నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

"ఒరే, నీకొకటి సెప్తాను. మీ మావయ్య మొహం నాకు గుర్తుండేది కాదు. ఫొటో సూస్తే తెలుస్తాది గానీ, కళ్ళు మూసుకుంటే రాదు. లారీయే వొస్తాది. నేనా లారీ సూడనే నేదు, అయినా అదే వొచ్చేది. ఇన్నేళ్ళూ."

నేను నీళ్ళ సీసా మూత బిగించాను.

"ఇందాక గట్టు మీద నిలబడ్డాం సూడు, అప్పుడు వొచ్చినాడు. నవ్వుతున్నాడు, దీవించినాడు అని సెప్పను. డూటీ నించి వొచ్చినట్టు మామూలుగా ఉన్నాడు. సెవి దగ్గిర గ్రీజు మరక."

 కాసేపటికి లేచి, "పద, ఎండైపోతాది," అంది. ఆ రోజు ఎత్తులో ఎక్కడా దిగలేదు. నేనే దిగాను.

మొన్నటి చలికాలం మొదట్లో ఆమెకు ఆయాసం మొదలైంది. డాక్టరు గుండె చూసి కొండలు వద్దన్నాడు. నేను సర్దిచెప్పడానికి మాటలు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆమె అప్పటికే సైకిల్ తుడిచి, గుడ్డ కప్పి, గోడకు ఆనించేసింది.

"బాధగా ఉందా అత్తా?" అన్నాను.

"ఉండదా మరి? ఉన్నాది," అంది. "కానీ ఎక్కినాను గదరా. ఎక్కనోళ్ళకి ఉండాల్సినంత బాధ నాకెందుకు?"

అప్పటినుంచి సోమవారం మధ్యాహ్నాలు షాపుకొచ్చి స్టూలు మీద కూర్చునేది. "ఏ దారి ఎల్లినావు? మొదట్నించి సెప్పు," అనేది. నేను ట్యూబుకు అతుకు వేస్తూ చెప్పేవాణ్ణి. కళ్ళు మూసుకుని వినేది. నేను తొందరగా కొండెక్కేస్తే ఆపేది. "ఉండు. వాగు దాటినాక ఎడం పక్క రెండు బండరాళ్ళు ఉంటాయి గదా, వాటి మధ్యన ఇసక. అక్కడ నువ్వు దిగాల. దిగకుండా ఎలగెల్లిపోనావు?" నేను మళ్ళీ ఇసక దగ్గరికి వచ్చి దిగేవాణ్ణి. కొన్నిసార్లు ఆమె మధ్యలోనే కునికేది. లేపకుండా నేను చెప్తూనే ఉండేవాణ్ణి. బేరానికొచ్చినవాళ్ళు, ఎవరితో మాట్లాడుతున్నావు దాదా అని అడిగేవారు.

ఆఖరి సోమవారం కూడా వచ్చింది. కాంక్రాఝోర్ దారి చెప్పాను. పైకి చేరకముందే, "సాలు ఈయాలకి. ఆకలేస్తన్నాది," అని లేచి వెళ్ళింది. ఆ గురువారం పోయింది.

కర్మకాండ అంతా అయ్యాక అత్త కూతురు నా దగ్గర కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"బావా, ఈ ఆదివారం ఎల్తావా?"

"ఎల్తాను."

"నీకేటీ అనిపించట్లేదా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఇంకా అనిపించట్లేదు," అన్నాను. ఆమె కోపగించుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉండి లోపలికి వెళ్ళింది.

ఆదివారం వెళ్ళాను. లోకల్, వెండర్ డబ్బా, హైవే, చెరువు. అన్నీ వరసగా వచ్చాయి, వరసగా పోయాయి. కాళ్ళు వాటి పని అవి చేశాయి. ఎక్కడ దిగాలో అక్కడ దిగాను. పైన కూర్చుని తిందామని తెచ్చుకున్న మరమరాలు సంచిలోనే ఉండిపోయాయి.

చివరి పల్లె దాటి మలుపు తిరిగితే దారి నిండా ఇప్పపూలు. రోజూ తెల్లవారుజామున ఏరుకొచ్చి అక్కడే ఎండబెడతారు. ఆ చివర నుంచి ఈ చివరకు, టైరు పెట్టే సందు కూడా లేకుండా పరిచి ఉన్నాయి. తియ్యటి, పులిసిన వాసన. సైకిల్ దిగాను. పూలు తిరగేస్తున్న ఆవిడ నన్ను చూసి నవ్వి, చీపురు తీసుకుని మధ్యలో పూలు పక్కకు తోస్తూ ఒక మనిషి, ఒక సైకిల్ పట్టేంత బాట చేసింది. ఏటా ఈ రోజుల్లో మాకలా బాట చేసేది ఆవిడే. అత్తా, ఆవిడా సగం బెంగాలీ, సగం సైగలతో చాలాసేపు మాట్లాడుకునేవాళ్ళు.

నేను ఆ బాటలోంచి నడిచి అవతలికి వెళ్ళాను. అత్త ఇక రాదని చెప్పాలనుకున్నాను. ఆ మాట ఆవిడ భాషలో నాకు రాదు. నా భాషలో కూడా నోటికి రాలేదు.

కొంత దూరం వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ పూలను మళ్ళీ మూయలేదు. బాట పక్కన చీపురు పట్టుకుని, నేను వచ్చిన మలుపు వైపు చూస్తూ నిలబడి ఉంది.